ఆరో పేజీలో అనంతమ్మ మాట

జూలూరుపాడులో జంపయ్య భార్య అనంతమ్మ మొగుడితో మాట్లాడి ఆరేళ్ళయింది. తగవేమీ లేదు. పొద్దున టీ ఇస్తుంది, మధ్యాహ్నం అన్నం పెడుతుంది, ఒళ్ళు వెచ్చబడితే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. మాట మాత్రం లేదు. జంపయ్యకు చెవులు పూర్తిగా పోయాయి, అనంతమ్మకు చదువు రాదు. ఆమె చెప్పేది అతనికి వినపడదు, వినపడనిది ఆమె రాసి చూపించలేదు. మిగిలినవి చేతి సైగలు. తిను, రా, వాన వస్తోంది, ఎవరో వచ్చారు. సైగలతో కాపురం చెయ్యొచ్చు గానీ కబుర్లు చెప్పుకోలేం. జంపయ్యకు ఆ కబుర్లే కావాలి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ ఆదివారం నేను అంత కోపంగా బస్సెక్కేవాణ్ణి కాదు.

నా పేరు సారంగపాణి. బూర్గంపాడు హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఒక పిల్లల పత్రికకు బొమ్మల కథలు రాస్తుంటాను. బొమ్మల కథ ఒక్కరి పని కాదు. కథ, మాటలు నావి. గీతలు హైదరాబాదులో ఒకాయన గీస్తాడు. ఆ గీతలకు రంగులు వేసి, మనుషుల నోటి పక్కన ఉండే బెలూన్లలో నా మాటలు అందంగా రాసేది మూడో మనిషి. ఆ మూడో మనిషి జంపయ్య. అతని పేరు పత్రిక చివర చిన్న అక్షరాల్లో పడుతుందట. నేనెప్పుడూ చూడలేదు. నా పేరు మాత్రం ప్రతి నెలా రెండుసార్లు చూసుకునేవాణ్ణి.

జంపయ్య ఇరవై రెండేళ్ళు కొత్తగూడెం వైపు బొగ్గు బావిలో పనిచేశాడు. బొగ్గుకు రంధ్రాలు వేసే డ్రిల్లు పట్టేవాడు. చెవులు ఒక్క రోజున పోలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయి, తర్వాత ఫోన్లో మాటలు, ఆ తర్వాత ఎదుటి మనిషి మాటలు. నలభై ఆరో ఏట అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. పిల్లలు లేరు. క్వార్టర్ ఖాళీ చేసి ఇద్దరూ అనంతమ్మ పుట్టిన ఊరికి వచ్చేశారు. చెవి మిషను కూడా కొన్నాడు. అందులో గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు డ్రిల్లంత గట్టిగా వినిపించేవి గానీ భార్య మాట తెలిసేది కాదు. తీసి డబ్బాలో పెట్టేశాడు.

మొదట్లో అనంతమ్మ అరిచి చెప్పింది. అరిస్తే పక్కింటి ప్రమీల గోడ మీంచి జవాబు చెప్పేది. మొగుడికి చెప్పుకునే మాట వీధి వీధంతా వినడం ఆమెకు నామోషీ. పోనీ పెదవులు చూసి తెలుసుకుందామా అంటే, ఆమె ఎప్పుడూ పొయ్యి వైపు తిరిగో, చాట పట్టుకుని వంగో మాట్లాడే మనిషి. ఎదురుగా నిలబడి నోరు సాగదీసి చూపించడం ఆమె వల్ల కాలేదు. అతను నాలుగోసారి అడిగేసరికి ఏం లేదులే అని చెయ్యి ఊపేసేది. కొన్నాళ్ళకు అతను అడగడం మానేశాడు, ఆమె చెప్పడం మానేసింది. ఆమెను తప్పు పట్టలేను. మా నాన్న చివరి రోజుల్లో నేనూ ఆయనతో అలాగే చెయ్యి ఊపాను.

బావిలో ఉన్నప్పుడు హెచ్చరిక బోర్డులు రాసేది కూడా జంపయ్యే. పైకప్పు చూసుకో, ఇక్కడ ఆగు, ముందుకు పోవద్దు. చీకట్లో తల మీది దీపం ఊగుతుంటే కూడా చదవగలిగేలా రాయాలి. ఆ చేత్తోనే జూలూరుపాడు అంగన్‌వాడీ గోడ మీద అక్షరమాల రాశాడు. ఆ దారిన పోతున్న మా పత్రిక సంపాదకురాలు మధులత అది చూసి కారు ఆపించింది. కంప్యూటర్ అక్షరాలతో ఆమె విసిగిపోయి ఉంది. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుని, బెలూన్లో అక్షరాలు కొట్లాడుకుంటున్నట్టు ఉండేవి. చేత్తో రాసేవాడు కావాలి. అతనికి వినపడదని తెలిసి, ఫోన్లో రాసుకుంటూ పని మాట్లాడుకున్నారు. వారం తిరక్కుండా, తెర మీద రంగులు వేసే పాత టాబ్లెట్ ఒకటి పార్సిల్లో వచ్చింది.

నేర్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. నేర్పే వీడియోలన్నీ మాటలతో నేర్పేవే. తెర మీద ఒక కుర్రవాడి నోరు కదులుతూ ఉండేది, జంపయ్య ఆ నోరు వదిలేసి వేళ్ళు చూసేవాడు. వేలు ఎక్కడ నొక్కింది, రంగు ఎక్కడ పడింది. ఒక్కో వీడియో ఇరవైసార్లు. అర్థం కానిది మధులతకు రాసి అడిగేవాడు. ఆమె ఓపికగా జవాబు రాసేది. అక్షరాల చుట్టూ ఒక అక్షరమంత ఖాళీ వదలండి. ముందు మాట్లాడేవాళ్ళ బెలూన్ ఎడమ వైపు పైన ఉండాలి. బెలూన్ తోక మాట్లాడేవాళ్ళ నోటి వైపు తిరగాలి.

ఈ తోక సంగతి జంపయ్యకు ఎంత నచ్చిందంటే, ఆ రోజు అన్నం తినడం మర్చిపోయాడట. పెళ్ళిలోనో పంచాయితీలోనో పదిమంది మాట్లాడుతుంటే ఎవరు మాట్లాడుతున్నారో అతనికి తెలియదు. ఒక మొహం వెతికి పట్టుకునేసరికి మాట ఇంకో నోట్లోకి పోతుంది. అందుకే పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. కాగితం మీద మాత్రం ప్రతి మాటకూ తోక ఉంది. ఎవరి మాట ఎవరిదో తెలుస్తుంది, మళ్ళీ వెనక్కి వచ్చి చూసినా అక్కడే ఉంటుంది.

రంగుల్లో అతను చేసిన తప్పు చెప్పాలి. మొదటి పరీక్షకు మధులత ఒక సంత బొమ్మ పంపింది. మిట్టమధ్యాహ్నం, మిరపకాయల రాశులు, జనం. జంపయ్య నాలుగు రోజులు కూర్చుని రంగులు వేసి పంపాడు. అందులో ప్రతి మనిషీ చూస్తున్న చోట మాత్రమే వెలుగు ఉంది. ముసలమ్మ తక్కెడ వైపు చూస్తే తక్కెడ మీద వెలుగు, తక్కినదంతా చీకటి. సూర్యుడెక్కడండీ అని మధులత అడిగింది. అప్పుడు గాని అతనికి తెలియలేదు. ఇరవై రెండేళ్ళు తలకు క్యాప్ ల్యాంపు పెట్టుకుని బతికిన మనిషి, వెలుగు మనిషి నుదుటి నుంచి వస్తుందని వేశాడు. తర్వాత వారం పది రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడపలో కూర్చుని, కుండ మీద ఎండ ఎటు నుంచి ఎటు జరుగుతుందో చూశాడు. ఊళ్ళో వాళ్ళు చెవులతో పాటు బుర్ర కూడా పోయిందనుకున్నారు.

అలా రెండేళ్ళలో పనిలో చెయ్యి తిరిగింది. అప్పుడే నా వరద కథ వచ్చింది. గోదావరి పొంగుతుంటే చూడ్డానికి ఇంట్లో చెప్పకుండా పోయిన పిల్లవాడు ఆరో పేజీలో ఆలస్యంగా ఇల్లు చేరతాడు. తల్లి నోట నేను రాసిన మాట ఇది: "నాయనా, ఇంత ఆలస్యమైనదేమి? నీకొరకు ఎదురుచూచి కన్నులు కాయలు కాచినవి." ఆ వాక్యం మీద నాకు కొంచెం గర్వం ఉండేది. పత్రిక వచ్చాక ఆరో పేజీ తిప్పితే తల్లి బెలూన్లో ఇలా ఉంది: "వచ్చినవా? గోదారి ఎత్కపోయింది, పీడ వోయింది అనుకున్న. కాళ్ళు కడుక్కో, బువ్వ వెడ్త."

నాకు ఒళ్ళు మండింది. మాటలు రాసిపెట్టమంటే మాటలు మార్చే హక్కు ఎవరిచ్చారు? మధులతకు ఫోన్ చేశాను. "అది మీరే మార్చారనుకున్నాను సర్. ఈసారి మీ మాటలు చాలా సహజంగా ఉన్నాయని పిల్లలు ఉత్తరాలు కూడా రాశారు" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. తప్పు తప్పేనని, నేను రాతలో ఫిర్యాదు ఇస్తే అతన్ని తీసేస్తానని కూడా చెప్పింది. ముందు ఆ మనిషి మొహం చూసి అడుగుదామని ఆదివారం బయలుదేరాను. కొత్తగూడెంలో బస్సు మారి, మిరప కళ్ళాల ఘాటుకు తుమ్ముకుంటూ జూలూరుపాడులో దిగాను.

అనంతమ్మ తలుపు తీసి, లోపలికి చెయ్యి చూపించి, పొయ్యి దగ్గరికి పోయింది. ఒకటే గది, దాని వెనక వంట. జంపయ్య కిటికీ పక్కన ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని ఉన్నాడు. నేను నోటుబుక్కులో నా పేరు రాసి చూపించగానే లేచి నిలబడ్డాడు. కింద రెండో వాక్యం రాశాను: ఆరో పేజీలో నా మాట ఎందుకు మార్చావు?

చదివి నోటుబుక్కు నా చేతికి ఇచ్చాడు. తర్వాత నా వైపు వంగి, రహస్యం చెప్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా, ఆ రహస్యం వీధి చివరికి వినపడింది.

"తప్పయింది సారూ. గది నా పెండ్లాం మాట. నేను షిఫ్టు దిగి ఆలిశంగ వస్తే గట్లనే అనేది. బాయి మింగింది, పీడ వోయింది అనుకున్న అనేది. నేను బాయి తీసి గోదారి పెట్టిన, గంతే."

ఎందుకు అని రాశాను.

"ఆమె గొంతు మర్చిపోయిన సారూ. యాది చేసుకుందామంటే వస్తలేదు. ఇప్పుడు మాటలు గూడ పోతున్నయ్, ఒక్కటొక్కటి. ఏడనన్న రాసిపెడితే ఉంటదని పెట్టిన. బాయిల చీకట్ల గూడ నేను ఇంత ఒక్కణ్ణి కాలే." నోటి దగ్గరి చెయ్యి తీసి, "అయినా ఇంటికి ఆలిశంగ వచ్చినోనితోటి ఎవరన్న కన్నులు కాయలు కాచినవి అంటరా సారూ?" అన్నాడు.

వెనక వంటలో గిన్నె పెట్టిన చప్పుడైంది. అనంతమ్మ చేతులు చీరకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మొత్తం విన్నది.

"నా మాట అంటుండు, ఏ మాట సారూ? పుస్తకంల నన్నేమని రాసిండు?" అని నన్ను అడిగింది.

పత్రిక సంచిలోంచి తీసి ఆరో పేజీ చదివి వినిపించాను. నా గొంతులో ఆ మాట సరిగా పలకలేదు. అయినా ఆమె గుర్తుపట్టింది. పుస్తకం తీసుకుని ఆ తల్లి బొమ్మను, బెలూన్ని, దాని తోకను చూసింది. జంపయ్య తప్పు చేసి పట్టుబడ్డవాడిలా నేల చూస్తున్నాడు. ఆమె వచ్చి అతని ఎదురుగా కింద కూర్చుంది.

"ఓ అయ్యా, నేను తిట్టినది రాసుకుంటవా? ఆ తిట్టు ఎందుకు తిట్టిననో ఎరుకనా నీకు? షిఫ్టు అయిందని బాయి సైరన్ మోగినంక గంట చూసేదాన్ని. గంటైనా నువ్వు రాకపోతే వాకిట్లకొచ్చి నిలబడేదాన్ని. పక్కింటోళ్ళ తలుపు దాంక పోయి అడగకుండనే మర్లొచ్చేదాన్ని. నువ్వు కానొచ్చినంక ఏడుపొచ్చేది. ఏడిస్తే నువ్వు నవ్వుతవని తిట్టేదాన్ని."

నేను గబగబా నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. నీ కోసం భయపడేది, ఏడుపు దాచుకోవడానికి తిట్టేది. రెండు వాక్యాల్లో అయిపోయింది. అతని ముందుకు తోశాను. జంపయ్య దాన్ని చూడలేదు. చూపు ఆమె మీద నుంచి తియ్యకుండానే నా చేతిలో కలం తీసుకుని పక్కన పెట్టాడు.

"ఉండనియ్ సారూ. ఆమెను చెప్పనియ్" అన్నాడు, ఈసారి నిజంగానే మెల్లగా.

ఆమె చెప్పింది. సైరన్ నుంచి మోకాలి నొప్పికి వచ్చింది, అక్కణ్ణుంచి ప్రమీల కూతురి పెళ్ళికి, పెళ్ళిలో పప్పు ఉడకకపోవడానికి, అందరూ మీ ఆయన రాలేదేమని అడిగితే తను చెప్పిన అబద్ధానికి. పోయినేడు చచ్చిపోయిన మేకపిల్ల గురించి చెప్తూ కళ్ళు తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చి నవ్వింది, అది మాత్రం చెప్పలేదు. అతనికి ఒక్క ముక్క వినపడదని ఆమెకు తెలుసు. అయినా గొంతు పెంచలేదు, నోరు సాగదియ్యలేదు, సైగ చెయ్యలేదు. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆమె నవ్వినచోట నవ్వుతూ, తుడుచుకున్నచోట తుడుచుకుంటూ కూర్చున్నాడు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన ముగ్గురికీ వచ్చింది. ఎవరమూ లేవలేదు.