పసివాడి మాట

పొత్తిళ్ళలో బిడ్డ కనిపిస్తే చాలు, బాట్మా అవ్వ ‘మీరు’ అని మన్నించి మాట్లాడేది. మొగుణ్ణి మాత్రం నలభై ఏళ్ళూ ‘ఒరేయ్’ అనే పిలిచింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బిడ్డను ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా కదిలేది కాదు.

తమ్ముడి మనవడు ఎర్బొల్‌ పుట్టిన నలభయ్యో రోజున బిడ్డకు నలభై చెంచాల నీళ్ళతో స్నానం చేయించే పని ఆవిడకే అప్పజెప్పారు. చెంచా చెంచాకూ “తమరికి వేడి సరిపోయిందాండీ?” అని అడిగి, వాడు ‘ఊ’ అనేదాకా ఆగింది.

“అక్కా, విందుకు పెట్టిన మాంసం కుండలో కరిగిపోతోంది!” అని వాడి తాత మొత్తుకున్నాడు.

“నిన్నెవడు అడిగాడ్రా?” అంది అవ్వ.

ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది బిడ్డ తల్లి బర్చినాయ్. ఆ తర్వాత ఆమెకు నవ్వే పని పడలేదు. తొలి మనవడు నాయనమ్మ బిడ్డేనన్నది అక్కడి ఆచారం. అత్త ఉమ్సునాయ్ వాణ్ణి ఒడి దించేది కాదు. పాలివ్వడం వరకే బర్చినాయ్ వంతు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆమె చెయ్యి చాపితే వాడు నాయనమ్మ మెడలో మొహం దాచుకోవడం మొదలుపెట్టాడు. అత్తను అడగడానికి కోడలికి నోరెక్కడిది? లోపల్లోపలే కుమిలిపోయింది.

ఒకరోజు ఇంటి నిండా చుట్టాలు. బర్చినాయ్ సమోవార్ దగ్గర టీ పోస్తోంది. బాట్మా అవ్వ నాయనమ్మ ఒళ్ళో ఉన్న వాడి ముందుకు జరిగి కూచుంది.

“అయ్యా, ఆ టీ పోసే ఆవిడ ఎవరండీ?”

“వాడికేం తెలుసు వదినా!” అంది ఉమ్సునాయ్.

“నువ్వుండు. నేనడిగింది వారిని.”

వాడు అవ్వను చూశాడు, అవ్వ చూపుతున్న వేపు చూశాడు. బర్చినాయ్‌కి ఏం చెయ్యాలో తోచక, పెదాలు బిగించి ‘బుర్ర్’ మంది. వాడూ ‘బుర్ర్’ మన్నాడు. ఆమె మళ్ళీ అంది. వాడు కిలకిల నవ్వి, ఇంకోసారి అంటుందేమోనని ఆమె నోటికేసే చూస్తూ ముందుకు వంగాడు.

“వారు అటు వెళ్తామంటున్నారు. మనమెవరం ఆపడానికి!” అంది అవ్వ.

చుట్టాలందరూ ఉమ్సునాయ్ వంక చూశారు. ఆమె ఇక చేసేదిలేక బిడ్డను అందించింది. ఆ సాయంత్రం దాకా తిరిగి అడగనూ లేదు.

అవ్వ వెళ్ళేటప్పుడు గుమ్మంలో బర్చినాయ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“అవ్వా, వాడు నిజంగా వస్తానన్నాడా?”

“ఎనిమిది నెలల వెధవ, వాడేమంటాడే పిచ్చిదానా!” అంది బాట్మా అవ్వ గొంతు తగ్గించి. “ఆ మాట నేనంటే మీ అత్త నా జుట్టు పట్టుకునేది. వాడంటే ఏం చేస్తుంది?”