గీత కొట్టిన గంట బొమ్మ

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వెనక నాకొక మొబైల్ అంగడి ఉంది. అంగడి అంటే ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సినంత. ఫోన్లకు అద్దాలు, కవర్లు, చార్జర్లు అమ్ముతాను. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, ఫోను విప్పి లోపలి పేగులు చూసే ధైర్యం లేదు. కానీ ఫోను నోరు మూయించే పనిలో మాత్రం ఈ చుట్టుపక్కల నాకు పేరుంది.

బంగారు గనులు మూసేశాక మా ఊళ్లో సగం మంది పొద్దున్నే బెంగుళూరు రైలెక్కడం మొదలుపెట్టారు. మిగతా సగం ఇంట్లో కూర్చున్నారు. ఫోన్లు వచ్చాక రెండు సగాలకూ ఒకటే బాధ పట్టుకుంది. ఊరికే టింగుమంటుంది. చీరలమ్మేవాడు టింగు, ఆటలాడమని పిలిచేవాడు టింగు, గుడ్ మార్నింగ్ పూలు టింగు. ఒకాయన వచ్చి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఇంగ దీంతో సంసారం చేయలేనప్పా అన్నాడు. సంసారం చేసేది ఇంట్లో ఆమెతో కదా అన్నాను. నవ్వుతూనే కూర్చున్నాడు. అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను: ఎవరిది వెంటనే మోగాలి, ఎవరిది ఆగి చూసుకుంటావు, ఎవరిది మోగకపోయినా నీకు నష్టం లేదు? ఈ మూడింటికీ జవాబు దొరికితే మిగిలింది నా వేళ్ల పని. అక్కరలేని వాటి నోరు ఒక్కొక్కటిగా నొక్కేస్తాను. కావలసిన మనుషుల పేర్లు మాత్రం ఒక జాబితాలో పెడతాను. ఫోను నిశ్శబ్దంగా ఉన్నా వాళ్లది మోగుతుంది.

ఆ పని చేసేటప్పుడు ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. గంట బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. ఎవరి పేరు పక్కన ఆ గీత ఉంటే వాళ్లు పంపింది వస్తుంది కానీ మోగదు, తెర వెలగదు. ఆ గీతలు చూస్తే ఇంటి రాజకీయమంతా తెలిసిపోతుంది. సుగటూరు నుంచి ఒక రైతు వచ్చాడు. పాల డెయిరీ వాళ్లకూ, సొంత బావమరిదికీ ఒకే రకం గీత కొట్టి ఉన్నాడు. "పాలూ బావమరిదీ ఒకటేనా అప్పా నీకు? పాలు పొంగితే దించొచ్చు, వాణ్ణి ఏమి చేస్తావు?" అన్నాను. అంగడి ముందున్న వాళ్లంతా నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇలా ఎంతమంది చెవులు ఎర్రబరిచానో లెక్క లేదు. ఎవరి ఫోనులోనైనా నా పేరు పక్కన కూడా ఆ గీత ఉండొచ్చని ఒక్కరోజూ అనుకోలేదు. అందరినీ నవ్వించేవాడికి ఎవరు గీత కొడతారు?

రోజూ పొద్దున నేను మా బంధువులందరికీ ఒక్కొక్కరికి గొంతు రికార్డు చేసి పంపేవాణ్ణి. రెండు నిమిషాల తమాషా. రాసి పంపొచ్చు కదా అంటే, మా వైపు మాట్లాడేది తెలుగు, బళ్లో నేర్చేది కన్నడం. నేను తెలుగు అక్షరాలు బంగారుపేట గోడల మీది సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కున్నాను, మావాళ్లకు అంత తీరిక లేకపోయింది. అందుకని గొంతే. నాకు మిమిక్రీ కొంచెం వచ్చు. నా తమాషాల్లో హీరో మా బావ.

బావ అంటే మా అక్క భర్త. గనిలో డ్రిల్లర్‌గా చేశాడు. భూమి లోపల, ఇరుకులో, రాయిని తొలిచే ఆ మిషను గని మూసేలోపే ఆయన చెవుల్ని తినేసింది. ఎదురుగా వెలుతురులో నిలబడి తొందర లేకుండా మాట్లాడితే పెదాలు చూసి అంతా పట్టేస్తాడు. కింద ఆ మోతలో వాళ్లు మాట్లాడుకున్నది అలాగే. వెనక నుంచి మాత్రం లారీ వచ్చి పిలిచినా తిరగడు.

మా పక్క బావా బావమరిదీ తిట్టుకోకుండా ఉన్నారంటే వాళ్ల మధ్య ఏదో గొడవ జరిగిందని అర్థం. నా పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు నా ఆకులో లడ్డు వేయబోతే, "వీడికి ఇది వద్దులే, పెళ్లే ఎక్కువ" అని బావ చేయి అడ్డం పెట్టాడు. నేను ఊరుకుంటానా, మా అక్కనిచ్చిన రోజు నీకు రెండు లడ్డూలు వేసి మేం మోసపోయామన్నాను. పందిరంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "రేయ్ పనికిమాలినోడా" అనేవాడు. ఆ మాటలో ఎంత చనువుందో, అది వినపడనప్పుడు కదా తెలిసింది.

గని మూతపడ్డాక బావ బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పనికి చేరాడు. పొద్దున చీకటితో బంగారుపేట పోయి రైలెక్కేవాడు. కొన్నేళ్లు చేశాక ఒక రోజు మానేశాడు. రైలు ప్రయాణం ఇంగ చాలనిపించింది అని ఇంట్లో చెప్పాడు. అసలు సంగతి ఆయనతో పనిచేసిన ఒకతను నా అంగడికి వచ్చినప్పుడు చెప్పాడు. కారు వచ్చి హారన్ కొడితే బావకు వినపడలేదు. కారాయన ఫిర్యాదు చేశాడు. బావను పిలిచి రేపటి నుంచి రావద్దన్నారు.

విని నాకు బాధ కలిగింది. నిజంగానే కలిగింది. మర్నాడు దాన్నే తమాషాగా చేసి పంపాను. బావ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. కారు నాలుగు రకాలుగా అరుస్తుంది. ఆ నాలుగూ నేను నోటితో చేశాను. చివరికి కారాయనే దిగి, గేటు తెరుచుకుని, లోపలికి పోయి, గేటు వేసి, బావకు సలాం కొడతాడు. అప్పుడు బావ తలెత్తి, నా కన్నుగప్పి ఒక్కడు లోపలికి పోలేడు అంటాడు. బంధువుల దగ్గర నుంచి నవ్వే బొమ్మలు వరదలా వచ్చాయి. రెండో భాగం లేదా అని అడిగారు. గేటు కథకు ఎన్ని భాగాలు చేశానో నాకే గుర్తు లేదు.

బావకు బటన్ల ఫోను. నేను పంపేది అక్క ఫోనుకు. ఆమె ఆయనకూ వినిపిస్తుంటుందనుకున్నాను. ఆయనకు చెవులు పనిచేయవని నాకు తెలుసు, నేను పంపేది చెవులతో వినాల్సిందనీ తెలుసు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడలేదు. ఇప్పుడు సిగ్గుపడేది దానికే.

పైగా వాళ్లింటికి పోతే బావ నన్ను చూడగానే నవ్వేవాడు. ఒకసారి, "రేయ్ పనికిమాలినోడా, ఆ గుడ్డు కత యాడ పట్టినావురా? నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకుంటిని" అన్నాడు. నేను ఏ గుడ్డు కథా చెప్పలేదు. కానీ మెచ్చుకుంటుంటే ఏ కథ అని అడిగే అలవాటు నాకు లేదు. అట్లా వచ్చేస్తుంటాయి బావా అన్నాను. పక్కనే అక్క బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తలేదు.

అక్క కోలారు పోయే దారిలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పిల్లల బరువులు, వచ్చిన గుడ్లు, తిన్న గుడ్లు అన్నీ ఫోనులోనే ఎక్కించాలి. ఒక మధ్యాహ్నం కోలారులో మీటింగు ముగించుకుని బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చింది. ఇన్ని టింగుల మధ్య సూపర్‌వైజర్ మేడం పంపిన ఒక మెసేజి చూసుకోలేదట. అందరి ముందూ మాట పడింది. మేడంది, హోసూరులో ఉన్న కూతురిది, ఆ రెండే మోగాలి, ఇంకేదీ వద్దని చెప్పి, ఫోను నా చేతిలో పెట్టి కూరగాయలకు పోయింది.

ఒక్కొక్కటే నోరు మూయించుకుంటూ పోతున్నాను. టొమాటో ధరలు చెప్పే గ్రూపు కూడా నిక్షేపంగా మోగుతూ ఉంది. గీత కొట్టిన గంట మొత్తం ఫోనులో ఒక్క పేరు పక్కనే ఉంది. నా పేరు పక్కన. నొక్కి చూశాను. ఎనిమిది గంటలు కాదు, ఒక వారం కాదు, ఎప్పటికీ అని ఉంది.

మనసు చివుక్కుమంది. అక్క వచ్చాక ఎందుకిలా చేశావని అడిగి ఉంటే సరిపోయేది. నేను అడిగే రకం కాదు, ఆటపట్టించే రకం. గీత తీసేశాను. అంతటితో ఆగకుండా, వెంటనే మోగాల్సిన వాళ్ల జాబితాలో మేడం పేరు, కూతురి పేరు, వాటి కింద నా పేరు చేర్చాను. అక్క వచ్చి, రెండే కదా పెట్టినావు అని అడిగింది. రెండే అన్నాను. లోపల నవ్వుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున గేటు కథలో కొత్త భాగం పంపాను. ఆ వేళకు అక్క వీధి కొళాయి దగ్గర బిందెలతో ఉంది. ఫోను మంచం మీద బావ పక్కన ఉంది. అది అదిరింది, తెర మీద నా మొహం వెలిగింది. చాలా కాలానికి నా మొహం కనిపించిందని బావకు సంతోషం. అక్క వచ్చేదాకా ఆగలేక ఫోను పట్టుకుని పక్కింటికి పోయాడు. పక్కింటాయన కూడా గనిలో చేసినవాడే, కానీ పైన, మనుషుల్ని గనిలోకి దించి ఎక్కించే వైండింగ్ ఇంజను దగ్గర, కాబట్టి చెవులు బాగున్నాయి. ఆయన విన్నాడు, పడిపడి నవ్వాడు. బావమరిది తమాషాయే కదా అని బావకు ఎదురుగా నిలబడి పెదాలతో, చేతులతో మొత్తం ఆడి చూపించాడు. సలాం కూడా కొట్టి చూపించాడు. దీనికి ముందుది ఏముందో పెట్టమన్నాడు బావ. దానికి ముందుది కూడా పెట్టమన్నాడు.

ఇదంతా అక్క ఆ రోజే అంగన్‌వాడీకి పోతూ పోతూ నా అంగడి ముందు ఆగి చెప్పింది. లోపలికి రాలేదు.

"గీత ఎవురు తీసినారు?"

"నేనే అక్కా. సుమ్నె, ఊరికే తమాషాకి."

"రెండేండ్లుగా మూసిపెట్టుకోని ఉంటిని రా దాన్ని. నీ మొహం వెలిగితే చాలు, వాడు ఏమి చెప్పినాడు అని మీ బావ నన్ను అడుగుతాడు. ఏమని చెప్పల్ల నేను? నీ పని పోయిన కతని వాడు ఊరంతా పంచుతుండాడు అని చెప్పల్లనా?"

మరి ఇన్ని దినాలు ఏం చెప్పేదానివని అడిగాను.

"నా అంగన్‌వాడీ పిల్లోళ్ల కతలు చెప్తా ఉంటిని. ఒకడు గుడ్డు జేబులో పెట్టుకోని, కోడిపిల్ల వచ్చేదాకా లెయ్యనని కూర్చున్నాడు. అది నువ్వు చెప్పినావని చెప్పినాను. నాకు నవ్వించేది యాడ వస్తుంది? చేతనైనంత చెప్పినాను. నువ్వంటే ఆయనకి ఇష్టం. అది చెడకూడదని చూసుకుంటిని."

బావ ఏమన్నాడని అడిగాను.

"నన్నేమీ అనలేదు. గుడ్డు కత కూడా వాడిది కాదా అని ఒకటే అడిగినాడు."

నాలుగు రోజులు నేను వాళ్లింటికి పోలేదు. పోయి ఉండాల్సింది. ఎలాంటి మాటతో లోపలికి అడుగుపెట్టాలా అని వెతుక్కుంటూ ఉండిపోయాను. నా దగ్గరున్నవన్నీ నవ్వించే మాటలే. ఐదో రోజు బావే అంగడికి వచ్చాడు. చేతిలో అక్క ఫోను. నేను లేచి, వెలుతురులోకి వచ్చి, ఎదురుగా నిలబడి, తప్పైపోయింది బావా అన్నాను. ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. పట్టుకున్నాడని నాకు తెలుసు. ఇది ముందు ఎట్ల ఉండిందో అట్ల పెట్టమని ఫోను ఇచ్చాడు.

జాబితాలోంచి నా పేరు తీసేశాను. గంట బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఫోను ఎంతకాలమని అడిగింది. కన్నడంలో మూడు వరసలు. ఎనిమిది గంటలు, ఒక వారం, ఎప్పటికీ. నేను నొక్కలేదు. ఫోను ఆయన వైపు తిప్పాను. వారం అంటాడేమో అని ఆశ. బావ కళ్లజోడు పెట్టుకుని మూడూ నిదానంగా చదివాడు. మూడో వరస మీద వేలు పెట్టాడు. రాయి తొలిచి గట్టిపడ్డ వేలు, తెర మొదటిసారి పలకలేదు. చొక్కాకు తుడుచుకుని మళ్లీ ఒత్తాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాక అన్నాడు. "నా ముందర నిల్చుకోని చెప్పుంటే నేనూ ఒకటి అనేవాణ్ణి. గేటు దగ్గర కూర్చున్నది నేను కదా. నాకు ఇంగా బాగా తెలుసు ఆ కత."

తరవాత, "వస్తానప్పా. మీరు పని చూసుకోండి" అని మెట్టు దిగాడు.

మీరు అన్నాడు. వెనక నుంచి పిలిచాను. పిలిచి ఏం లాభం, వెనక నుంచి.

ఇప్పుడు పొద్దున్నే ఎవరికీ ఏమీ పంపను. ఒకరిద్దరు బంధువులు ఏమయ్యిందని అడిగారు, గొంతు బాగాలేదని చెప్పాను. జనం ఇంకా ఫోన్లు తెస్తూనే ఉన్నారు. నోళ్లు మూయిస్తూనే ఉన్నాను. గీత ఎవరి పేరు పక్కన ఉందో కనిపిస్తే గబుక్కున పైకి తోసేస్తాను, ఎవరినీ ఏమీ అడగను. అక్క మామూలుగానే మాట్లాడుతుంది. బావ కూడా మాట్లాడతాడు. బాగుండారా అంటాడు, వ్యాపారం ఎట్ల ఉండాది అంటాడు. ఎదురుగా కూర్చుని ఒక ఎగతాళి మాట అన్నానా, పెదాలు పూర్తిగా చూసి, మర్యాదగా తలూపుతాడు. తిరిగి ఒక్క తిట్టు తిట్టడు.

పోయిన నెల వాళ్లింటికి పోతే, బావ మంచం మీద నుంచి లేచి నాకు కుర్చీ వేశాడు.