ఏడో ఎలుక ఎడమకాలు

లూకా ఎలుకను వెల్లకిలా పట్టుకొని, మోకాలి దగ్గర వెంట్రుకలను స్పిరిట్ దూదితో పక్కకు దువ్వాడు. మెదడు కింది గ్రంథి తీసేసిన ఈ ఎలుకలు సొంతంగా పెరగవు. రోజూ కుడి మోకాలికి పెరుగుదల హార్మోన్, ఎడమదానికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించాలి. కుడి ఎముకే ఎక్కువ సాగితే, హార్మోన్ నేరుగా ఎముక మీద పనిచేసినట్టు. ఇల్లందు నుంచి ఖమ్మం కాలేజీ ల్యాబు ఊడ్చడానికి వచ్చిన లూకా చూసి చూసి ఈ పని నేర్చాడు. వెల్లకిలా ఉన్న ఎలుక కుడికాలు తనకు ఎడమవైపున ఉంటుందని ప్రతిసారీ పెదవుల్లోనే అనుకుంటాడు.

ఐదో రోజు ఏడో ఎలుక గింజుకుంటే బోర్లా తిప్పి పట్టుకున్నాడు. చెయ్యి మాత్రం అలవాటుగా ఎడమవైపుకే పోయింది. బోర్లా ఉన్నప్పుడు అటు ఉండేది ఎడమకాలని సూది బయటికి తీశాకే తట్టింది. ఎవరూ చూడలేదు. చెబితే తనకు మళ్లీ చీపురే మిగులుతుందేమో.

“మేడం, ఏడోదానికి మందు ఎడమకాలికి పోయింది.”

పరిశోధన చేస్తున్న అరుణశ్రీ తల పట్టుకుంది. “ఏంది లూకన్నా, గిట్ల చేసినవ్! ఉన్నయే ఎనిమిది. రాయకపోతే ఎవరికెరుక?”

“ఎముకకు ఎరుక మేడం.”

అతను ఎనిమిదోదానికి సూది వేసి, ఏడో వరుసలో జరిగింది జరిగినట్టు రాసి, రిజిస్టర్ ఆమె చేతికిచ్చాడు. ఆమె కింద సంతకం పెట్టి, రేపటి సూదుల డబ్బా తీసి అతనికే అందించింది.