పట్టీ మీద గాజులు

మా చిన్నప్పుడు... చిరాగ్‌పల్లి దగ్గర ముంబై రోడ్డు మీద ఒక ధాబా ఉండేది. దాని ముందరే, రోడ్డుకు కనబడేలా మా అమ్మను కూర్చోబెట్టేవాళ్లు. పీట మీద జొన్నపిండి ముద్ద పెట్టి అరచేత్తో టపటపా కొడుతుంటే, ఆ చప్పుడుకే లారీలు ఆగేవి.

వేడినీళ్లతో పిండి పిసకడం, కొట్టడం, పెంక మీద వెయ్యడం, తిప్పడం... పొద్దంతా అదే పని. అన్నీ ఆ ఒక్క చేత్తోనే.

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మ కుడి మణికట్టు వాచింది. పొద్దున లేస్తే వేళ్లు తిమ్మిరి. నాకు జడ వేస్తుంటే రిబ్బన్ జారిపోయేది. దవాఖానలో డాక్టరమ్మ పట్టీ కట్టి, కొన్నాళ్లు రొట్టెలు కొట్టొద్దు, చేతిలో పట్టు పోతుంది అని గట్టిగా చెప్పింది.

ఇంట్లో కూర్చుంటే గడిచేదెట్లా? మర్నాడు పట్టీతోనే పోయింది. ధాబా సేఠ్ చూశాడు.

"గిదేందమ్మా? పట్టీ జూస్తే గిరాకి రొట్టె ముడతదా?"

"నొస్తుంది సేఠ్. జర ఇంకొకల్లను తోడు పెట్టు. పిండి వాళ్లు పిసికితే నేను కొడత."

"ఒక్క పీటకు ఇద్దరా? ఓ పని జెయ్. పట్టీ మీదికెళ్లి గాజులేస్కో, కనవడది."

నిజంగానే చేతినిండా ఎర్ర మట్టిగాజులు తెప్పించి ఇచ్చాడు, సారె పెట్టినట్టు! కొట్టినప్పుడల్లా ఆ గాజులు వాచిన చోటే తగిలేవి. తినేవాళ్లేమో ఆ గలగలలు విని మురిసిపోయేవాళ్లు.

ఒకరోజు రొట్టె తిప్పబోతే అమ్మ వేళ్లు ముడుచుకోలేదు. రొట్టె మాడింది. "రేపటి సంది రాకు" అన్నాడు సేఠ్. అంతే... చెయ్యి ఎట్లుందని ఒక్క మాట అడగలేదు.

ఆ వారంలోనే ఆ పీట ముందు మా చిన్నమ్మ, అంటే అమ్మ సొంత చెల్లెలు, కూర్చుంది. సంగతి తెలిసి అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది.

"లే, ఇంటికి నడు. నా చెయ్యి జూసినంక గూడ కూసున్నవా?"

చిన్నమ్మ తలెత్తలేదు. "పొలగాండ్లకు ఏం పెట్టాలె అక్కా? ఇంకో పని సూపియ్, ఇప్పుడే లేస్త."

అమ్మ ఆమె పక్కనే చతికిలబడి ఎడమ చేత్తో పిండి పిసకడం మొదలుపెట్టింది. నెలల తరబడి పోయింది, కూలి లేకుండానే. చిన్నమ్మ చెయ్యి నిలబడింది. అంటే ఇద్దరిని పెడితే సరిపోయేది! దానికే ఆ సేఠ్‌కు మనసు రాలేదు.

అమ్మ చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ జాకెట్ హుక్కులు నేనే పెడతాను.

ఇప్పుడు జహీరాబాద్‌లో నాకో కిరాణా షాపు ఉంది. పక్కనే రొట్టెల సెంటర్... "చేత్తో కొట్టిన రొట్టెలు" అని ఇంత పెద్ద బోర్డు. మొన్న చూస్తే అక్కడి అమ్మాయి మణికట్టుకు చున్నీ ముక్క కట్టుకుని కొడుతోంది.

"ఇంకొకల్లను పెట్టు తమ్మీ, వంతులేసుకుంటరు" అన్నాను ఓనర్‌తో.

"రొట్టెలే గదక్కా... బస్తాలు మోస్తుందా ఏంది?"

ఒళ్లు మండిపోయింది.

రోడ్డు వెడల్పయింది, ధాబాలకు ఏసీలొచ్చాయి... రొట్టె కొట్టే చేతికి మాత్రం ఒక తోడు రాలేదు. మీ ఇళ్లలోనూ అల్లం గీకో, అప్పడాలు ఒత్తో చేతులు పాడైనవాళ్లు ఉంటే కింద రాయండి. రుచి సంగతి వద్దు... ఆ చెయ్యి ఇప్పుడెట్లుందో రాయండి.