హాల్లో రిజర్వు చేసిన చోటు

మా బావగారు సాల్మన్ మాస్టారు రాజోలు దగ్గర ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యారే గానీ చెప్పడం మానలేదు. టీ కొట్టులో గ్లాసు చేతికిస్తే దాని ఘనపరిమాణం చెబుతారు. అలాంటి మనిషి ఇల్లు కట్టిస్తానంటే ఊరెంత బాధపడిందో ఆలోచించండి.

మామూలు ఇల్లయితే నేనిది రాయనే రాయను. మా నేల మెత్తన, చుట్టూ రొయ్యల చెరువులు. పాత ఇంటి గోడలు ఏటా బీటలిస్తున్నాయి. "ఇంటికి బరువు తగ్గించాలోయ్ శ్యామ్ బాబూ" అంటూ ఫోనులో వీడియోలు చూసీ చూసీ, ఫ్యాక్టరీలో తయారయ్యే ప్యానెళ్ళతో కట్టిస్తానన్నారు. అటో రేకు, ఇటో రేకు, మధ్యలో వేడిని ఆపే నురగ దిమ్మ. లారీలో వస్తాయి, బిగిస్తారు, అంతే.

పక్క కొబ్బరితోట రాజబాబుగారు నమూనా ముక్కని వేలితో కొట్టి చూశారు. "అంటే మాస్టారూ, ఇకనించి మీ కాపురం ఫ్రిజ్జులోనన్నమాట!"

"ఆయ్, ఎండాకాలం మీరూ వచ్చేయండి. పాడవకుండా ఉంటారు" అన్నారు బావగారు.

అసలు తంటా డిజైను దగ్గర వచ్చింది. ఈ గోడకి తోచినచోట మేకు కొడతానంటే కుదరదట. బరువైనది తగిలించాలంటే ఆ చోట లోపల చెక్క పెట్టి ఫ్యాక్టరీలోనే తయారు చెయ్యాలి. మన ఇళ్ళ సంగతి తెలుసుగా! గోడ ఉన్నదే ఫోటోల కోసం. పెళ్ళి ఫోటో, బైబిలు వాక్యాల క్యాలెండరు, పిల్ల డిగ్రీ, పోయినవాళ్ళు దండలతో సహా. బావగారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, "ఎవరికెక్కడ మేకు కావాలో ఇప్పుడే చెప్పండి, తరవాత ఏడిస్తే లాభం లేదు" అని పరీక్ష పెట్టారు. కూతురు పింకీ టీవీకి అడిగింది. దోమల బ్యాటుకి కూడా చోటిచ్చారు మహానుభావుడు. హాలు గోడకి నడిమధ్యన, గుమ్మంలోంచి చూడగానే కనపడేచోట మాత్రం ప్లాను కాగితం మీద తనే ఎర్ర చుక్క పెట్టి, "ఇది రిజర్వు" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

మా అక్క ఇందిర ఆ చుక్క చూసి మురిసిపోయింది. మా నాన్న ఫోటోకే అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

మా నాన్న సీమోను ఊళ్ళోవాళ్ళ పునాదులన్నిటికీ మట్టి మోసి, తను మాత్రం తాటాకింట్లోనే పోయాడు. ఆయనకున్నది ఒకే ఒక్క ఫోటో. అక్కకి టీచరు ఉద్యోగం వచ్చిన రోజున అమలాపురం వెళ్ళి, స్టూడియోవాడి కోటు తొడుక్కుని దిగాడు. మొదటి జీతంతో అక్క దానికి టేకు ఫ్రేము కట్టించింది. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. పాత ఇంటి బీటల గోడలకి మేకు నిలవక అది బీరువా వెనకే ఉండిపోయింది. "కొత్తిల్లు కట్టుకున్నాక నాన్నని హాల్లో పెట్టుకుంటానురా" అని అక్క ఎన్నిసార్లు అందో!

ప్యానెళ్ళు వచ్చాయి, ఇల్లు లేచింది. కొత్తింటి ప్రార్థనకి ముందురోజు అక్క ఓ పక్క, నేనో పక్క పట్టుకుని ఫోటోతో హాల్లో ఆ రిజర్వు మేకు దగ్గరకి వచ్చాం. బావగారి మొహం వాడిపోయింది.

"అది... అది వేరేదానికి ఇందిరా."

"దేనికండీ?"

బావగారు ఆ మేకుని ఓసారి తడిమారు. "నాకు. ఇప్పుడు కాదులే. నేను పోయాక నా ఫోటోకి. రిటైర్మెంటు రోజున శాలువా కప్పేరు చూడు, అది. అప్పుడు మేకు కొడదామంటే కుదరదు కదా మరి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దోమల బ్యాటు గుర్తొచ్చింది గానీ, మా నాన్న గుర్తుకు రాలేదాండీ బావగారూ?" అని అరిచాను. చేతులూపి అరుద్దామంటే చేతుల్లో నాన్న ఉన్నాడాయె!

"ఆవేళ మీ అక్క అడగలేదు కదోయ్" అని గొణిగారు బావగారు.

"మా నాన్నకి చోటు కూడా అడగాలాండీ?" అంది అక్క. కళ్ళనిండా నీళ్ళు.

అంతే, బావగారు కుర్చీ లాక్కుని ఎక్కారు. ఫ్రేము పైఅంచు తనే పట్టుకుని, మేము కిందనించి ఎత్తుతుంటే, ఆ మేకుకి తగిలించారు. దిగి, కళ్ళజోడు సవరించుకుని, వంకర ఉందేమోనని ఇటునించీ అటునించీ చూశారు. గోడ గట్టిగా ఆపింది. అరువు కోటులో మా నాన్న గుమ్మంకేసి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బావగారు చిన్నపిల్లాడిలా అడిగారు. "మరి నాకో?"

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫోటోకేసి ఓసారి, ఆయనకేసి ఓసారి చూసింది.

"మీకు చోటు లేదు కదండీ. అంచేత మీరు పోడానికి వీల్లేదు."

"ఆయ్" అన్నారు బావగారు, బుద్ధిగా.