ఏటి మొగలో పండుగప్ప

సముద్రం పక్క బడికి బదిలీ అయి వచ్చిన మొదటి ఏడాది, ఆ ఊళ్ళోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. మాది మనుబోలు దగ్గర వరి పండించే కుటుంబం. చిన్నప్పుడు పంటకాలవలో వెదురు కర్రతో చేపలు పట్టడం తప్ప ఉప్పునీళ్ళ సంగతి నాకేమీ తెలియదు.

ఫాల్గుణంలో చలి తగ్గి దక్షిణపు గాలి మొదలయ్యాక, బడికి ముందు ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా నడిచి వెళ్ళేదాన్ని. అక్కడ రోజూ ఒకాయన కూర్చుని ఉండేవాడు. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు పడవ మీద వేటకు పోయి మానేశాడట. ఖాళీ నీళ్ళ సీసాకు చుట్టిన నైలాన్ దారం, దాని చివర సీసపు గుండు, గాలం, గాలానికి బతికున్న రొయ్య. ఆయన సరంజామా అంతే.

నాలుగో రోజో ఐదో రోజో ధైర్యం చేసి అడిగాను. "అన్నా, నాకూ నేర్పిస్తావా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దారం నా చూపుడువేలి మీద వేశాడు. "చూసేదేం లేదు టీచరమ్మా. వేలికి తెలియాల."

గుండు ఇసుకలో ఈడ్చుకుపోవడం, పీత గిల్లడం, చేప రొయ్యను నోట పెట్టుకుని వదిలేయడం వేలికి వేరువేరుగా తెలుస్తాయి. అది పట్టుబడడానికి నాకు పది రోజులు పట్టింది. రోజూ కూర్చోగానే ఆయన ఒకటే అడిగేవాడు.

"ఈ పొద్దు నీళ్ళు ఎట్టా ఉండాయి?"

"బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి ఉన్నాయన్నా."

"అయితే పండుగప్ప తిరగతా ఉంటది. వెయ్యి."

పిల్లల్ని నేను అడిగినట్టే, తెలిసిన సంగతే నా చేత చెప్పించి పాఠం నేర్పుతున్నాడనుకునేదాన్ని.

ఒక ఆదివారం పోటు ఎక్కుతుండగా ఆయన దారం ఒక్క గుంజు గుంజింది. సీసా ఇసుకలో దొర్లింది. ఆయన లేచి నిలబడి దారం బిగించాడు. మాకు కుడిపక్కన, ఇరవై అడుగుల దూరంలో, వెండిలా మెరుస్తూ పెద్ద పండుగప్ప నీళ్ళలోంచి ఎగిరి, తల విదిలించి పడింది. నేను అరిచాను. ఆయన మాత్రం ఎడమవైపు చూస్తున్నాడు.

"యాడ ఎగిరింది? చెప్పు, చెప్పు!"

అప్పుడర్థమైంది నాకు. రోజూ నీళ్ళ గురించి అడిగింది పాఠం కోసం కాదు.

"కుడిపక్కన్నా! రాళ్ళ వైపు పోతోంది!"

ఆయన దారం పక్కకు లాగి దాన్ని రాళ్ళకు దూరంగా తిప్పాడు. చేప వచ్చే దారి నేను చెబుతూ పోయాను, ఆయన చేతులు ఆడుతూ పోయాయి. చివరికి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, చీర కొంగు చేతికి చుట్టుకుని, చేపను ఒడ్డుకు తోసింది నేనే. నా చెయ్యంత పొడవుంది.

ఇద్దరం ఆయాసం తీర్చుకున్నాక అడిగాను. "ఎన్నాళ్ళ నించన్నా?"

"రెండేళ్ళు దాటింది. పడవ మానింది అందుకే. నడుం నొప్పి అని చెప్పినా ఇంట్లో."

"కంట్లో పొర అయితే తీసేస్తారు. మా అమ్మకు నెల్లూరులో తీశారు. సాయంత్రానికి ఇంటికొచ్చేసింది."

"మా అన్నకి గూడా తీసినారు. ఉన్న చూపు గూడా పోయింది. వద్దులేమ్మా. మీ వదినకి చెప్పబాకు. తెలిస్తే నన్ను ఒడ్డుకి గూడా రానియ్యదు."

చెప్పనన్నాను. మూడు రోజులు మాట నిలబెట్టుకున్నాను. నాలుగో రోజు, ఇంటికి పోతూ ఆయన ఆరబెట్టిన వల కాలికి తగిలి బోర్లా పడడం చూశాక, నేరుగా వాళ్ళింటికి వెళ్ళి చెప్పేశాను. వదిన బుట్టలో చేపలు సర్దుతోంది.

"నాకు తెలుసులే టీచరమ్మా. ఆయనే చెప్తాడని చూస్తా ఉండా" అంది.

తర్వాత రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. మొగ దగ్గర నాకు దూరంగా కూర్చునేవాడు. నీళ్ళ సంగతి అడిగేవాడు కాదు. నేను చేసింది తప్పా అని చాలాసార్లు అనుకున్నాను. ఒకరోజు ఆయన రాలేదు. వదిన పట్టుబట్టి నెల్లూరు బస్సెక్కించిందని బడిలో ఆయా చెప్పింది.

కంట్లో పొర తీశాక, నెల రోజులు ఉప్పునీళ్ళ దగ్గరికి పోకూడదన్నారట. ఆ నెలంతా నాకు తోచలేదు. బడికి ఎండాకాలం సెలవులిచ్చే ముందురోజు, నేను వరండాలో రిజిస్టర్లు సర్దుతుంటే, నల్లద్దాలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందమ్మా, నువ్వింత చిన్నదానివా! గొంతు విని మా అక్క ఈడనుకున్నా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కోపం పోయిందా అన్నా?" అన్నాను.

"యాడ పోతది? ఉంది. అయినా వచ్చినా" అన్నాడు.

ఎండాకాలంలో సముద్రం మీద ఉండే వేట నిషేధం ఎత్తేయగానే ఆయన మళ్ళీ పడవెక్కాడు. నాకు సంతోషమే. కానీ ఆ తర్వాతి ఫాల్గుణంలో మొగ దగ్గర ఒక్కదాన్నే దారం వేసుకుని కూర్చున్నప్పుడు, పక్కన ఇసుక ఖాళీగా కనిపించి మనసు చివుక్కుమంది.

అలా వారం గడిచాక ఒక ఉదయం వదిన వచ్చి పక్కన చతికిలబడింది. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి చేపలమ్మింది గానీ, ఏనాడూ గాలం పట్టలేదట. "ఆయనకి ఇందులో ఏం కనబడిందో చూస్తా. ఇయ్యి" అంది. దారం ఎలా పట్టుకోవాలో చూపించాను. రెండు చేపలు తప్పిపోయాయి. మూడోసారికి జానెడు జెల్ల పడింది. దాని ముల్లు గుచ్చుకుంటుందని నేను వెనక్కి జరిగేలోపే, ఆమె దాన్ని తల దగ్గర ఒడుపుగా పట్టి, ముల్లు విరిచేసి, నా బుట్టలో వేసింది.