అల్లుడు ఉడకబెట్టిన బ్రష్షులు

మా మామగారు పాతికేళ్లుగా ప్రాణంగా చూసుకున్న బ్రష్షులను నేను పావుగంటలో గ్యాసు పొయ్యి మీద ఉడకబెట్టాను. ముందే చెప్పేస్తున్నాను, అవి బతికాయేమోనని ఆశపడకండి. బతకలేదు. నేను బతికానంటే, అది కొత్త అల్లుణ్ణి కాబట్టి.

పెళ్లయి నెల కూడా కాలేదు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో అత్తగారిల్లు. మామగారు షాపుల బోర్డుల మీద పేర్లు చేత్తో రాస్తారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనికి గిరాకీ పోయింది. ఎన్నాళ్లకో అబిడ్స్‌లో ఒక బట్టల షాపు యజమాని, "నాకు ప్రింటు వద్దు, చేతి రాతే కావాలె" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. మామగారు బోర్డుకు రంగు వేసి, పెన్సిల్ గీతలు కొట్టి, భోజనానికి ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చారు. నాలుగింటికి వెళ్లి అక్షరాలు రాయాలి. ఇది బాగా కుదిరితే పక్క షాపుల వాళ్లు కూడా రాయించుకుంటామన్నారట. మా పెళ్లిలో కూడా ఆయన మొహంలో అంత సంబరం చూడలేదు.

నా జబ్బేమిటంటే శుభ్రత. బషీర్‌బాగ్‌లో మా ఆఫీసులో ఎవరి టేబుల్ మీద టీ మరక కనిపించినా తుడిచేసేవాణ్ణి, ఆ మనిషి అక్కడే కూర్చుని ఉన్నా సరే. అలాంటివాడి కంట్లో ఆ మధ్యాహ్నం ఒక రేకు పళ్లెం పడింది. అందులో ఎనిమిది బ్రష్షులు జిడ్డు నూనెలో పడుకుని ఉన్నాయి. ఇంత గొప్ప పనివాడు బ్రష్షులను ఇలా ఉంచుకుంటాడా! నాకు మామగారి మీద జాలేసింది. చూడండి నా మొహానికి, జాలి ఒకటి!

"అత్తయ్యా, పెద్ద గిన్నె ఒకటివ్వండి. మామయ్యగారి బ్రష్షులు కడుగుతాను."

"అయ్యో, ఒద్దు బాబు. అవి ఆయనే కడుక్కుంటడు. మేమెవ్వలం ముట్టం."

"ముట్టకపోబట్టే అలా తయారయ్యాయి."

"గట్లనే ఉండాల్నంట బాబు. ఏమో, నాకు తెల్వదు."

"నాకు తెలుసు. వీడియోలో చూశాను."

కొత్త అల్లుడి మాట కాదనడం ఆ ఇంటా వంటా లేదు. పాపం, గిన్నె ఇచ్చారు.

వీడియోలో గోరువెచ్చని నీళ్లన్నారు. గోరువెచ్చనివే అంత మంచివైతే మరిగే నీళ్లు ఇంకెంత మంచివో అని నేను సొంతంగా ఆలోచించాను. సొంతంగా ఆలోచించిన ప్రతిసారీ నాకు ఇలాగే అయింది. గుప్పెడు సబ్బు పొడి వేశాను. పులుసు పొంగినట్టు నురగ పొంగింది. పిడుల రంగు ఊడింది, వెంట్రుకలను పట్టి ఉంచే జిగురు కరిగింది. తీసి ఆరబెడితే ఒక్కొక్కటీ కొబ్బరి పీచులా విచ్చుకుంది. కనీసం అక్కడైనా ఆగొచ్చు కదా! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, కత్తెర తెచ్చి కొసలన్నీ సమానంగా కత్తిరించాను.

మామగారు లేచి వచ్చారు. పళ్లెం వైపు చూశారు.

"గివేంది?"

"మీ బ్రష్షులే మామయ్యగారూ. కడిగాను."

ఒకటి చేతిలోకి తీసుకున్నారు. వెంట్రుకలు రాలి నేల మీద పడ్డాయి. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరిచారు. ఎదురుగా ఉన్నది అల్లుడని గుర్తొచ్చి మూశారు.

"మంచిగ... చేసిన్రు" అన్నారు. ఆపైన, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు, "గవి ఉడుత వెంట్రుకలయి. కిరోసిన్‌ల కడిగి నూనెల పండవెడ్తం. లేకుంటె గట్టిపడ్తయ్. కొస కత్తిరిస్తె ఇంక గీత రాదు" అని చెప్పారు.

తర్వాత అత్తగారి వైపు తిరిగారు.

"ఏమే! కండ్లు యాడ వెట్టినవ్? గిన్నె ఎవలియ్యమన్నరు నిన్ను?"

"అల్లుడడిగితె ఇయ్యకుంట ఎట్లుంట?"

అత్త మీద కోపం దుత్త మీద చూపడం అందరికీ తెలిసిందే. అల్లుడి మీద కోపం అత్త మీద చూపడం నేను ఆ రోజే చూశాను. ఆ తర్వాత కుర్చీకీ తలుపుకీ కూడా వడ్డింపు జరిగింది. నన్ను మాత్రం "చాయ్ తాగుతరా?" అని అడిగారు. దానికన్నా రెండు తగిలించినా బాగుండేది. నిజంగా చచ్చేంత సిగ్గేసింది.

కొత్త బ్రష్షుల కోసం మామగారూ నేనూ అబిడ్స్‌లో రంగులమ్మే షాపులు మూడు తిరిగాం. "బోర్డులు రాసేటియా? ఫ్లెక్సీ వచ్చినంక ఎవ్వలు కొంటున్రు సాబ్? తెచ్చుడే బంద్ జేసినం" అన్నారు. గోడలకు రంగు వేసే వెడల్పాటి బ్రష్షులు చూపించారు. వాటితో బోర్డు రాస్తే షాపు మొత్తానికి ఒకే అక్షరం పట్టేది.

ఇక మిగిలింది గౌలిగూడ రాజన్న. మామగారితో కలిసి పని నేర్చుకున్న పెయింటరు. ఏదో బోర్డులో అక్షరం వంకరపోయిందని మాటామాటా పెరిగి, ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. నా మూలంగా మామగారు ఆ గడప తొక్కారు.

"ఏందిరా, తొవ్వ తప్పినవా?" అన్నాడు రాజన్న.

"బ్రష్షులు గావాలె. మా అల్లుడు కడిగిండు."

"కడిగితె ఏమైతది?"

"ఉడకవెట్టిండు."

రాజన్న నన్ను కిందికీ పైకీ చూశాడు. "మరి నువ్వేమనలేదా?"

"అల్లుడాయె. ఎట్లంట?"

"నువ్వనకుంటె నేనంట. నాకేమన్న అల్లుడా?" రాజన్న స్టూలు లాక్కుని నా ఎదుట కూర్చున్నాడు. "ఏం సదివినవ్ బిడ్డా? బ్రష్షంటె పప్పనుకున్నవా? మీ ఇంట్ల దువ్వెన గూడ కుక్కర్ల వెడ్తరా?"

అలా పది నిమిషాలు సాగింది. మామగారు తల వంచుకుని విన్నారు. నా కోసం బాధపడుతున్నారనుకున్నాను. రాజన్న ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే ఆయన మెల్లగా అన్నారు:

"కత్తెర సంగతి గూడ ఉన్నది, రాజన్నా."

"కత్తెర గూడానా!"

మళ్లీ మొదటికి వచ్చింది. అది పూర్తయ్యేసరికి మామగారి మొహం తేటపడింది. ఆరేళ్ల పగ కూడా నేను తిన్న తిట్లలోనే కొట్టుకుపోయింది. రాజన్న తన నూనె పళ్లెం తీసుకుని లేచాడు.

"నడువ్, నేను గూడ వస్త. ఇద్దరం రాస్తె జల్ది అయితది. పళ్లెం నా చేతులనే ఉంటది. అల్లున్ని జర దూరంగ నడవమను."

ఎనిమిదయ్యేసరికి బోర్డు పూర్తయింది. తీర్చిదిద్దినట్టు, నిగనిగలాడుతూ ఉన్నాయి అక్షరాలు. షాపు యజమాని మురిసిపోయి, మూల నిలబడ్డ నన్ను చూపించి, "ఈయన గూడ పెయింటరేనా?" అని అడిగాడు.

"కాదు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"మా అల్లుడు" అన్నారు మామగారు. "వంట చేస్తడు."

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: అత్తవారింట్లో నూనెలో మునిగి కనిపించిన ఏ వస్తువునూ, అది ఆవకాయ ముక్కే అయినా సరే, నా బొందిలో ప్రాణం ఉండగా కడగను.